అతిమానవుడును మనుష్యకుమారుడును

ఈ నెల పాఠమునకు ముందుగా చదువవలసిన వేదభాగములు: ఆదికాండము 3:1–7, అపొస్తలుల కార్యములు 14:8–18, 1 కొరింథీయులకు 1:26–31, ఫిలిప్పీయులకు 2:1–11.



ఈ నెల మేము ఎన్నుకొనిన అంశము మొదట మన పల్లెలకు దూరమైనదిగా కనబడవచ్చును. మామూలు మనుష్యుని మించిన మనుష్యుడు ఒకడు కలడా? ఉండవలెనా? ఉన్నయెడల అతడు ఎట్టివాడు? దీనిని గూర్చి పండితులు పెద్ద గ్రంథములు వ్రాసిరి. అయితే భుజములకు తువ్వాలు కట్టుకొని అరుగుమీదనుండి దూకు పిల్లవాడును ఆ ప్రశ్ననే అడుగుచున్నాడు. పగలంతయు కూలి చేసి వచ్చి, ఒక్కడు నూరుమందిని పడగొట్టు చిత్రమును సెల్‌ఫోనులో చూచి తన అలసట మరచు యౌవనుడును దానినే అడుగుచున్నాడు. మహాశక్తిగల దైవజనుడు ఒకడు పట్టణమునకు వచ్చెనని విని, ఉన్న నాలుగు డబ్బులు ఛార్జీలకు పెట్టి పరుగెత్తు తల్లియు దానినే అడుగుచున్నది. కాబట్టి ఇది పండితుల ప్రశ్న మాత్రమే కాదు, మనదియు అయియున్నది.

1. తత్త్వజ్ఞుడు పుట్టిన ఇల్లు

'అతిమానవుడు' అను మాటను లోకమంతట ప్రసిద్ధికి తెచ్చినవాడు జర్మను దేశస్థుడైన ఫ్రెడ్రిక్ నీట్షే. ఆ మాట ఆయన కల్పించినది కాదు; జర్మను మహాకవి గేటే అంతకుముందే దానిని వాడియుండెను. అయితే దానికి ఒక బోధగా రూపము ఇచ్చినవాడు నీట్షేయే.

ఆయన 1844 అక్టోబరు 15న రోకెన్ అను చిన్న పల్లెలో పుట్టెను. తండ్రి ఆ గ్రామపు లూథరను సంఘకాపరి. అనగా దేవుడు చచ్చెనని తరువాత వ్రాసిన మనుష్యుడు పాదిరిగారి బంగళాలో, గుడి గంట వినుచు పెరిగిన బిడ్డయే. ఆయనకు అయిదవ యేడు నిండకమునుపే, 1849లో, తండ్రి మెదడు జబ్బుతో మరణించెను. మరుసటి యేడు చిన్న తమ్ముడును చనిపోయెను. 1864లో వేదాంతశాస్త్రము చదువుటకు బాన్ నగరమునకు వెళ్లెను గాని, కొద్ది కాలములోనే దానిని విడిచి ప్రాచీన భాషల చదువును పట్టుకొనెను. 24 యేండ్లకే స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడాయెను. తీవ్రమైన తలనొప్పులు, మందమైన చూపు ఆయనను విడువలేదు. 1879లో ఉద్యోగము మానుకొని, అద్దె గదులలో ఒంటరిగా బ్రదుకుచు పుస్తకములు వ్రాసెను.

సంఘములో పెరిగిన బిడ్డ ఎందుకు అటు తిరిగెనని మనము తొందరపడి తీర్పు తీర్చవద్దు. ఆయన చూచిన సంగతి ఒకటి కలదు. ఐరోపా జనులు ఆదివారము గుడికి పోవుచునే యున్నారు గాని, సోమవారము మొదలు శనివారము వరకు దేవుడు లేనట్టే బ్రదుకుచున్నారు. 1882లో వ్రాసిన గ్రంథములో ఒక వెఱ్ఱివాడు పట్టపగలు లాంతరు పట్టుకొని సంతలోనికి వచ్చి దేవుని వెదకుచు, మనమే ఆయనను చంపితిమని కేకలు వేయును. ఆ కథలో నవ్వినవారు అవిశ్వాసులే. భయపడినవాడు ఆ వెఱ్ఱివాడు ఒక్కడే. ఇది వట్టి దూషణయని త్రోసివేయుటకు ముందు, మన ఆరు దినముల బ్రదుకును ఒకసారి చూచుకొనుట మంచిది.

2. సంతలో కట్టిన మోకు

దేవుడు లేడనుకొన్న తరువాత మనుష్యునికి గురి ఏమి? ఈ ప్రశ్నకు నీట్షే చెప్పిన జవాబే అతిమానవుడు. 1883 మొదలు 1885 వరకు నాలుగు భాగములుగా వచ్చిన 'జరతుష్ట్ర ఇట్లు పలికెను' అను గ్రంథములో ఆ బోధ కలదు. దాని నాలుగవ భాగమును అచ్చువేయువారు దొరకక తన సొంత డబ్బుతో 40 ప్రతులు మాత్రమే వేయించుకొనెను.

కథ ఇట్లు మొదలగును. పది యేండ్లు కొండమీద ఏకాంతముగా ఉండిన జరతుష్ట్ర క్రిందికి దిగి ఒక పట్టణమునకు వచ్చును. అక్కడ సంతలో మోకుమీద నడుచువాని ఆట చూచుటకు జనులు గుమిగూడియుందురు. అటువంటి ఆటలు మన యూళ్లలోను చూచినవారే మీరు; రెండు కొయ్యల నడుమ కట్టిన మోకును, దానిపై కాలు పెట్టు మనుష్యుని, క్రింద నోరు తెరచుకొని చూచు జనమును మీకు వర్ణింప నక్కరలేదు. జరతుష్ట్ర వారితో, మనుష్యుడు పశువునకును అతిమానవునికిని నడుమ అగాధముపై కట్టిన మోకువంటివాడనియు, దాటిపోవలసినవాడే గాని నిలిచిపోవలసినవాడు కాడనియు చెప్పును. జనులు నవ్వుదురు. అప్పుడాయన వారిని సిగ్గుపరచుటకై 'చివరి మనుష్యుని' గూర్చి చెప్పును. వాడు వెచ్చని మూల, కొద్దిపాటి సుఖము, కలతలేని నిద్ర తప్ప మరేమియు కోరనివాడు. జనులు సిగ్గుపడుటకు బదులు, మాకు ఆ చివరి మనుష్యునే యిమ్మని కేకలు వేయుదురు! ఇంతలో ఆటవాడు మోకుమీదనుండి పడిపోవును. జనము చెల్లాచెదరగును. చనిపోవుచున్న అతని ప్రక్కను మోకాళ్లూని, తరువాత శవమును మోసికొనిపోయినవాడు జరతుష్ట్ర ఒక్కడే.

ఇందులో మనము నేర్చుకొనవలసినది లేకపోలేదు. నీట్షే చెప్పిన అతిమానవుడు కండలు పెంచిన జెట్టి కాడు. అతడు మొట్టమొదట జయించవలసినది తన్నుతానే. తన సోమరితనమును, తన భయమును, నలుగురు పోవు దారినే పోవు గొఱ్ఱెబుద్ధిని అతడు జయించవలెను. ఒకనికి కీడు చేయ శక్తిలేక, ఆ చేతకానితనమునకే సాత్వికమని పేరు పెట్టుకొని, లోలోపల పగను పులియబెట్టుకొను భక్తిని ఆయన గట్టిగా ఎత్తి చూపెను. అట్టి భక్తి మన సంఘములలో లేదని చెప్పగలమా?

అయితే ఆయన అంతటితో ఆగలేదు. జాలిని బలహీనతయనెను. బలహీనులకు ఆసరా యిచ్చు మతము మనుష్యజాతిని క్రుంగదీయుచున్నదనెను. ఇక్కడనే మన త్రోవలు వేరగుచున్నవి.

3. 'చండాలుల మతము'

1888లో, తన బుద్ధి చెడిపోవుటకు ముందు చివరి సంవత్సరమున, నీట్షే మన దేశపు మనుధర్మశాస్త్రమును ఒక ఫ్రెంచివాని తప్పుల అనువాదములో చదివెను. మనుష్యులను పుట్టుకచేత విభాగించు ఆ శాస్త్రము ఆయనకు గొప్పదిగా తోచెను. క్రొత్తనిబంధన దానియెదుట అల్పమైనదని వ్రాసెను. చండాలులు ఊరి వెలుపల కాపురముండవలెనని, చనిపోయినవారి వస్త్రములు కట్టుకొనవలెనని, పగిలిన పాత్రలలో తినవలెనని ఆ శాస్త్రము విధించుచున్నది. చండాలులమీద పెట్టిన కట్టడలు మనస్సునకు ఎంత విరుద్ధములో ఆయనయే ఒప్పుకొనెను. అయినను సువార్త అనగా ఈ అణగద్రొక్కబడినవారి, అల్పుల, ఓడిపోయినవారి తిరుగుబాటు అనియు, క్రైస్తవ మతము చండాల విలువలకు కలిగిన జయమనియు ఆయన నిందించెను.

ప్రియులారా, ఈ నింద ఎవరికి తగులుచున్నదో గ్రహించితిరా? నీట్షే క్రైస్తవ మతమును బాహాటముగా విమర్శింప మొదలుపెట్టిన గ్రంథము 1878లో అచ్చాయెను. అదే సంవత్సరమున మన తెలుగుదేశములో ఏమి జరిగెను? 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు. ఒంగోలులోని మిషనెరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. తిండికొరకు మతములోనికి వచ్చిరను మాట రాకుండునట్లు, కరవు సాయము జరుగు కాలములో బాప్తిస్మములు నిలిపివేసిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. వారికి మునుపు, 1866లో, ప్రభువునొద్దకు వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల పనివారి కులములోనివాడే.

ఇక నీట్షే చెప్పినది అబద్ధమా? పూర్తిగా కాదు. సువార్త అల్పులయొద్దకు వచ్చెననుట నిజమే. పౌలు కొరింథువారికి వ్రాయుచు, మీలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు లేరని జ్ఞాపకము చేసెను (1 కొరింథీ 1:26). నీట్షే దీనిని నిందగా చెప్పెను. పౌలు దీనిని అతిశయముగా చెప్పెను. మాట ఒక్కటే, చూచు కన్ను వేరు.

డాక్టరు అంబేద్కరు గారు ఈ సంబంధమును స్పష్టముగా కనిపెట్టిరి. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని దహింపజేసిన ఆయన, తరువాత వ్రాసి విడిచిన ఒక గ్రంథములో నీట్షే అతిమానవునికిని మనువు బ్రాహ్మణునికిని పోలిక చూపిరి. కొందరు పుట్టుకచేత మించినవారు, తక్కినవారు వారికొరకు ఉన్నవారు అను బోధ ఏ దేశములో పుట్టినను దాని బరువు మోయువారు మనవంటివారే. ఈ పాఠము మనకెందుకని అడుగువారికి ఇదియే మా జవాబు.

4. ఆ బోధ చేతికి దొరికినప్పుడు

పుస్తకములోని మాట వీధిలోనికి వచ్చినప్పుడు ఏమగును? నీట్షేకు ముందే రష్యా రచయిత దొస్తోయెవ్‌స్కీ ఈ ప్రశ్న వేసెను. 1866లో వచ్చిన 'నేరము–శిక్ష' అను ఆయన నవలలో ఒక బీద విద్యార్థి, గొప్పవారికి సామాన్యుల నీతి అడ్డము రాదని వాదించి, వడ్డీకిచ్చు ముసలిదానిని గొడ్డలితో చంపును. తాను గొప్పవాడనని ఋజువు చేసికొనబోయి, తన మనస్సాక్షి యెదుట కూలిపోవును. అతనికి లాజరు లేచిన కథను సువార్తలోనుండి చదివి వినిపించినది లోకము వెలివేసిన ఒక స్త్రీ.

అది నవల. ఇది జరిగిన సంగతి. 1924 మే నెలలో అమెరికాలోని చికాగో నగరమున లియొపోల్డు, లోబ్ అను ఇద్దరు ధనికుల కుమారులు 14 యేండ్ల బాలుని చంపిరి. పగ లేదు, డబ్బు అవసరము లేదు. లియొపోల్డు నీట్షేను చదివి, మించిన బుద్ధిగలవారికి చట్టము వర్తింపదని నమ్మెను. వారి వకీలు క్లారెన్సు డారో వాదనవలన ఉరి తప్పి, యావజ్జీవమును దానిపైన 99 యేండ్లును శిక్ష పడెను. లోబ్ 1936లో చెరసాలలోనే చంపబడెను. లియొపోల్డు 1958లో విడుదలయి, పోర్టోరికో ద్వీపములో బ్రెద్రెన్ సంఘమువారి చిన్న ఆసుపత్రిలో పరీక్షల పనివాడుగా చేరెను. 1971లో మరణించువరకు ఆ ద్వీపములోనే ఉండెను. చట్టముకంటె ఎక్కువవాడననుకొన్నవాడు కొండప్రాంతపు రోగులకు సేవ చేయ నేర్చుకొనుటకు 33 యేండ్లు చెరసాలలో గడపవలసివచ్చెను.

ఒక్క హత్య సంగతి ఇట్లుండగా, ప్రభుత్వమే అట్లు తలచినయెడల ఏమగును? జరతుష్ట్ర మొదటి భాగము వెలువడిన 1883లోనే ఇంగ్లాండులో ఫ్రాన్సిసు గాల్టను, మంచి పశువులను ఎన్నుకొని పెంచునట్లు మనుష్యులలోను మేలుజాతిని పెంచవచ్చునను శాస్త్రమునకు పేరు పెట్టెను. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రము, తక్కువవారని తాను ఎంచినవారికి సంతానము కలుగకుండ చేయు చట్టమును చేసెను. 1933 జూలైలో హిట్లరు ప్రభుత్వము అట్టి చట్టమునే చేసి, దానిచేత సుమారు 4,00,000 మందిని గొడ్రాండ్రనుగా, సంతానహీనులనుగా చేసెను. 1939 మొదలుకొని మతిలేనివారిని, అంగహీనులను ఆసుపత్రులలోనే చంపించెను. తరువాత 60 లక్షలమంది యూదులు సంహరింపబడిరి.

ఇక్కడ న్యాయము తప్పి మాటలాడకూడదు. నీట్షే యూదద్వేషి కాడు, యూదద్వేషులను అసహ్యించుకొనెను. ఆయన చెల్లెలు ఎలిజబెత్తు యూదద్వేషియైన ఒకనిని పెండ్లియాడినందుకు మిగుల నొచ్చుకొనెను. ఆయన మతిచెడిన పిమ్మట చెల్లెలే ఆయన కాగితములు చేతబట్టుకొని, తనకు తోచినట్లు కూర్చి 1901లో ఒక గ్రంథముగా ప్రకటించెను. 1935లో ఆమె చనిపోయినప్పుడు హిట్లరు స్వయముగా భూస్థాపనకు వచ్చెను. కాబట్టి హిట్లరు పాపమంతయు నీట్షే తలమీద పెట్టుట తగదు. అయినను జాలిని తృణీకరించు బోధ జాలిలేని చేతులకు దొరికినప్పుడు, వ్రాసినవాడు దానిని వెనుకకు తీసికొనలేడు. మాట విడిచిన బాణమువంటిది.

ఆ ఆశ నేటికిని చావలేదు. 2018 నవంబరులో చైనా దేశపు శాస్త్రజ్ఞుడు హె జియాన్‌కుయి, గర్భములో పెట్టకమునుపే పిండముల జన్యువులను మార్చి కవల ఆడపిల్లలను పుట్టించితినని ప్రకటించెను. లోకములోని శాస్త్రజ్ఞులే దానిని ఖండించిరి. 2019 డిసెంబరులో ఆయనకు మూడేండ్ల జైలుశిక్ష పడెను. రోగములను మాన్పు విద్య దేవుని వరమే. అయితే మేలుజాతి బిడ్డను కోరుకొను మనస్సు, కోరనిబిడ్డను ఏమి చేయునో ఆడపిల్లల విషయములో మన దేశము ఎరుగును.

5. బొమ్మల కథలోని వీరుడు

ఇప్పుడు పిల్లలెరిగిన అతిమానవునియొద్దకు వత్తము. ఎఱ్ఱని అంగవస్త్రము వేసికొని ఆకాశమున ఎగురు 'సూపర్‌మేన్' 1938లో అమెరికాలో ఒక బొమ్మల పుస్తకములో పుట్టెను. ఆ పుస్తకము వెల 10 సెంట్లు. అతని కల్పించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యౌవనులిద్దరును ఐరోపానుండి వలసవచ్చిన యూదుల కుమారులు, క్లీవ్‌లాండు నగరములో పెరిగినవారు. సీగెల్ తండ్రి బట్టల దుకాణము నడుపుచు, 1932లో దొంగలు దుకాణములో పడిన రాత్రి అక్కడనే కూలి చనిపోయెను.

గమనింపదగిన సంగతి యేమనగా, 1933లో వీరు వ్రాసిన మొదటి కథలో అతిమానవుడు దుష్టుడు. ఉచిత భోజనము కొరకు నిలిచిన బీదవానికి ఒక మందు వలన మితిమీరిన శక్తి కలిగి, లోకమును ఏలవలెనను దురాశ పుట్టును. తరువాత వారు ఆ కథను తలక్రిందులు చేసిరి. 1938 నాటి కథలో సూపర్‌మేన్ మొదటి పనులు ఏమనగా, నిర్దోషియైన ఒక స్త్రీని మరణశిక్షనుండి తప్పించుట, భార్యను కొట్టుచున్న భర్తను అడ్డగించుట. పసివాడుగా తల్లిదండ్రులచే దూరముగా పంపబడి, పరాయి ఇంట పెరిగి, పీడితులను విడిపించు ఈ కథలో మోషే పెట్టె పోలికను అనేకులు చూచిరి. జర్మనీలో ఒక అతిమానవుని పేరు చెప్పి బలహీనులను చంపుచుండగా, యూదుల పిల్లలిద్దరు బలహీనులను కాపాడు మరియొక అతిమానవుని గీయుచుండిరి. 1940లో హిట్లరు దళపు పత్రిక సీగెల్‌ను పేరుపెట్టి ఎగతాళి చేసెను.

అయినను బొమ్మలోని వీరుడు తన్ను గీసినవారిని కాపాడలేకపోయెను. వారు ఆ పాత్రమీద హక్కును 130 డాలర్లకు అమ్ముకొనిరి. అతని పేరున ఇతరులు కోట్లు గడించుచుండగా వారు లేమిలో బ్రదికిరి. 1975లో పత్రికలు, తోటి చిత్రకారులు గొంతెత్తిన పిమ్మటనే, ఒక్కొక్కరికి యేటికి 20,000 డాలర్ల భరణమును, కథలమీద వారి పేర్లును లభించెను. సాయము ఆకాశమునుండి ఎగిరివచ్చినవానివలన రాలేదు. మామూలు మనుష్యులు కలిసి మాటలాడుటవలన వచ్చెను.

1978లో వచ్చిన చలనచిత్రములో క్రిస్టఫర్ రీవ్ అను నటుడు సూపర్‌మేన్‌గా లోకమును ఆనందపరచెను. 1995 మే నెలలో పోటీలో గుఱ్ఱముపైనుండి పడి, మెడయెముక విరిగి, మెడ క్రింద కదలిక లేనివాడాయెను. యంత్రము ఊదినగాని ఊపిరి ఆడలేదు. భార్య అతని విడువక సేవించెను. 2004 అక్టోబరులో మరణించువరకు చక్రముల కుర్చీలోనుండియే తనవంటి రోగులకొరకు పాటుపడెను. మునుపు వీరుడనగా ఫలితమెరుగక సాహసించువాడనుకొంటిననియు, ఇప్పుడు ఎన్ని అడ్డులున్నను ఓర్చి నిలుచు సామాన్యుడే వీరుడని తలంచుచున్నాననియు ఆయన చెప్పెను. ఆకాశమున ఎగిరినట్లు కనబడిన దినములకంటె కుర్చీలో కూర్చున్న దినములలోనే ఆయన అనేకులకు ఎక్కువ బలము నిచ్చెననుట మాకు తోచుచున్నది.

మన దేశమునను ఈ తలంపు పలువిధములుగా కనబడెను. 1980లో నందమూరి తారక రామారావు గారు నటించిన తెలుగు 'సూపర్‌మేన్' చిత్రములో వీరుని శక్తి వేరొక గ్రహమునుండి గాక హనుమంతుని భక్తినుండి వచ్చును. పుదుచ్చేరిలో నివసించిన శ్రీ అరవిందులు మనుష్యుడు దివ్యచైతన్యములోనికి ఎదుగునని బోధించుచు, నీట్షే వర్ణించిన బలవంతుని అసురలక్షణము గలవానిగా ఎంచిరి. 1948లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరిటి బహుమానమిచ్చి గౌరవించెను. వారి త్రోవ మన త్రోవ కాకపోయినను, వట్టి బలము మనుష్యుని ఘనపరచదని వారును గ్రహించిరనుట గమనింపదగినది.

6. వేదము చూపు మనుష్యుడు

మనుష్యుని మించిపోవలెనను ఆశ క్రొత్తది కాదు. ఏదెనులో సర్పము చూపిన ఎర అదియే. దేవతలవలె అగుదురని ఆశపెట్టెను (ఆది 3:5). బాబెలు గోపురము అదే ఆశకు కట్టిన ఇటుకలు. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేన. అయినను గొఱ్ఱెలకాపరి రాయికి పడిపోయెను. సమ్సోను బలము అంత గొప్పదైనను, తన్నుతాను ఏలుకొనలేక తిరుగటి త్రిప్పెను.

లుస్త్రలో జరిగినది మనకు మిక్కిలి ఉపయోగమైనది. కుంటివాడు నడువగా జనులు పౌలు బర్నబాలను దేవతలనుకొని ఎడ్లను పూదండలను తెచ్చిరి. అపొస్తలులు ఏమి చేసిరి? ఆ పూదండలు మెడలో వేసికొనలేదు. బట్టలు చింపుకొని, మేమును మీవంటి స్వభావముగల మనుష్యులమేయని మొఱ్ఱపెట్టిరి (అపొ. కా. 14:15). నిజమైన దైవజనుని గురుతు పట్టుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. దండ వేయవచ్చినప్పుడు బట్టలు చింపుకొనునా, మెడ వంచునా?

ఇక క్రీస్తును చూడుడి. మనుష్యుడు దేవుడు కావలెనని పైకి ప్రాకుచుండగా, దేవుని స్వరూపముగలవాడు దాసుని రూపముతో క్రిందికి దిగెను (ఫిలిప్పీ 2:6–8). రాళ్లను రొట్టెలుగా చేయుమని, గోపురముపైనుండి దూకి జనులను ఆశ్చర్యపరచుమని శోధకుడు అడిగినప్పుడు ఆయన ఒల్లలేదు. సిలువమీదనుండి దిగిరమ్మని హేళనచేసినప్పుడు దిగలేదు. అది శక్తిలేక కాదు, మనలను విడువనొల్లక. ఆయన తన్నుతాను ఎక్కువగా పిలుచుకొనిన పేరు మనుష్యకుమారుడు. అతిమానవుడు మనుష్యత్వమును దాటిపోవువాడు; మనుష్యకుమారుడు దానిని ధరించుకొని సంపూర్ణము చేసినవాడు.

నీట్షే జాలిని నిందించెను గదా. 1889 జనవరిలో ఇటలీలోని ట్యూరిన్ వీధిలో ఆయన కూలిపోయెను. బుద్ధి మరల రాలేదు. తల్లి ఆయనను ఇంట పెట్టుకొని, 1897లో తాను చనిపోవువరకు పసిబిడ్డనువలె కాచెను. తరువాత చెల్లెలు చూచెను. 1900 ఆగస్టు 25న మరణించగా, తండ్రి బోధించిన ఆ రోకెన్ గుడిగోడ ప్రక్కను, తండ్రి సమాధి దగ్గరనే పాతిపెట్టిరి. దీనిని మేము ఎగతాళికి చెప్పుట లేదు. అట్లు చెప్పుట క్రైస్తవము కాదు. ఆయన త్రోసివేసిన జాలి ఆయనను త్రోసివేయలేదని మాత్రమే చెప్పుచున్నాము.

7. మన సంఘములకు

మొదటిది, మన మధ్య అతిమానవులను చేయవద్దు. ప్రార్థన చేసెడివారిని గౌరవించుడి; అయితే మందు మానుమనువానిని, లెక్క చెప్పనివానిని, తన్ను ప్రశ్నించుట దేవుని ప్రశ్నించుటయేననువానిని వెంబడింపకుడి. ఈ మాట సంఘకాపరులమైన మాకును చెందును. మమ్మును లెక్క అడుగుడి.

రెండవది, చివరి మనుష్యునివలె బ్రదుకవద్దు. దీనత్వమనగా సోమరితనము కాదు. మన బిడ్డలు బాగుగా చదువవలెను. మన యౌవనులు త్రాగుడును జయింపవలెను. అన్యాయము జరిగిన చోట మనము నోరు తెరవవలెను. తన్నుతాను జయించుట పౌలుకును గురియే (1 కొరింథీ 9:24–27).

మూడవది, బలహీనుని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. ఎదగని బిడ్డ, మంచము పట్టిన ముసలమ్మ, మతి చలించిన సహోదరుడు సంఘమునకు భారము కారు. శరీరములో బలహీనముగా కనబడు అవయవములే మరి అవశ్యకములని పౌలు చెప్పెను (1 కొరింథీ 12:22). వారిని మోయుటచేత సంఘము క్రుంగునని ఒక బోధ. వారిని మోయుటచేతనే సంఘము సంఘమగునని మన బోధ.

నాలుగవది, బిడ్డలను వీరకథలు చూడవద్దని కొట్టకుడి. ప్రక్కను కూర్చుండి, ఆ వీరుడు తన బలమును ఎవరికొరకు వాడెనని అడుగుడి. ఆ ఒక్క ప్రశ్న వారికి మంచి పాఠమగును.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. చేతకానితనమునకును సాత్వికమునకును భేదమేమి? మోషే జీవితమునుండి చూపుడి.

2. లుస్త్రలో అపొస్తలులు జనుల పూజను అంగీకరించియుండినయెడల, ఆ స్వస్థపడిన కుంటివానికి ఏమి నష్టము కలిగియుండును?

3. 'అల్పుల మతము' అను నిందకు మన తాత ముత్తాతలు ఎట్టి జవాబు చెప్పియుందురు? పెద్దలను అడిగి తెలిసికొని కూటములో చెప్పుడి.

4. మన గ్రామములో ఈ నెల ఎవరూ పలుకరింపనివారు ఎవరు? ఎవరు, ఏ దినమున, వారి యింటికి వెళ్లుదురో కూటము ముగియకమునుపే నిర్ణయించుకొనుడి.

బలహీనతయందు తన శక్తిని సంపూర్ణము చేయు ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.